విమానమున కెంత ముందుగా పోవలెను?



నేటి ప్రసంగవిషయము చూచుటకు చిన్నది. విమానమెక్కువారు విమానాశ్రయమునకు ఎంత ముందుగా చేరవలెను అనునదే. ఇది పట్టణవాసులకు చెప్పవలసినది గాని పల్లెలయందలి పెద్దలకేల యని కొందఱనుకొనవచ్చును. కాని నేడు మన పల్లెలలో కొడుకో కూతురో విదేశమున లేని వీధి అరుదు. కూతురి పురుటికో, మనుమని అన్నప్రాశనమునకో, అఱువదియేండ్లు దాటిన దంపతులు ఇల్లు దాటి ఒక్కసారిగా సముద్రములనే దాటుచున్నారు. టిక్కెట్టు పిల్లలు కొని పంపుదురు. వీసా సంగతియు వారే చూచుకొందురు. ఇంటిగడప దాటు వేళను నిర్ణయించువారు మాత్రము పెద్దలే. మా యూరిలో పంచాంగము చూచుటయు, వచ్చిన టిక్కెట్టును చదివి చెప్పుటయు, రెండును విశ్రాంతుడనైన బడిపంతులనగు నాకే ఒప్పగించుచుందురు. ఆ యలవాటుచేత నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

ముందు నిర్ణయము చెప్పి, పిదప కారణములు చెప్పెదను. మన దేశములోనే ఒక యూరినుండి మఱియొక యూరికి పోవు విమానమునకు 2 గంటలు ముందుగాను, విదేశమునకు పోవు విమానమునకు 3 గంటలు ముందుగాను విమానాశ్రయపు వాకిలి చేరవలెను. పండుగదినములలోను, నడువలేనివారికి చక్రాల కుర్చీ కోరియున్నప్పుడును మఱియొక గంట చేర్చుకొనుట మేలు. ఇది పిరికివారి లెక్క కాదు. ఆ కాలమంతటికిని లోపల పని కలదు.

మనకు అలవాటైన వాహనములు వేఱు. బస్సు మార్గమధ్యమున చేయెత్తినచో నిలుచును. రైలు కూత వేసిన పిదప పరుగెత్తి ఎక్కినవారిని మనమందఱము చూచియున్నాము. కావున టిక్కెట్టుపై నున్న వేళయే మనము చేరవలసిన వేళ యని మన మనస్సునకు తోచును. విమానము విషయమున ఈ యూహ సరిపడదు. టిక్కెట్టుపై 3 గంటలని యున్నచో, ఆ వేళకు విమానము తలుపులు మూసికొని నిలిచిన చోటినుండి కదలును. శుభలేఖపై ముద్రించు సుముహూర్తమును తలచుకొనుడు. అది జీలకఱ్ఱ బెల్లము పెట్టు వేళ. పెండ్లికుమారుడు ఆ నిమిషమునకు ఊరి పొలిమేర చేరినచో చాలునా? ఎదురుకోలు, స్నాతకము, గౌరీపూజ మున్నగునవన్నియు అంతకు ముందే జరిగియుండవలెను. టిక్కెట్టుపై నున్న వేళ అట్టి సుముహూర్తము. దానికి ముందు జరుగవలసిన తంతు ఐదు వాకిళ్లలో జరుగును. ఆ ఐదింటిని వరుసగా చెప్పెదను.

మొదటిది వెలుపలి వాకిలి. అచ్చట తుపాకులు ధరించిన రక్షకభటులు టిక్కెట్టును, గుర్తింపుపత్రమును చూచి, రెండింటిపై పేరు ఒక్కటియే యైనచో లోనికి పంపుదురు. విదేశమునకు పోవువారికి పాస్‌పోర్టే గుర్తింపుపత్రము. 1999 డిసెంబరు 24న కాఠ్మాండూనుండి ఢిల్లీకి వచ్చుచున్న విమానమును దుండగులు బలాత్కారముగా కాందహారునకు తీసికొనిపోయిన వృత్తాంతము మీకు జ్ఞాపకముండును. ఆ మఱుసటి సంవత్సరము, 2000 మొదలుకొని, విమానాశ్రయముల కాపుదల కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమునకు ఒప్పగింపబడుచు వచ్చినది. ప్రయాణము లేనివారు ఈ వాకిలి దాటి రాలేరు. కావున సాగనంపవచ్చిన బంధువులు ఇచ్చటనే ఆగవలెను. రెండు కార్ల బంధువులు వచ్చినచో, పాదాభివందనములకును, కన్నీళ్లకును, ఛాయాచిత్రములకును అరగంట గడచిపోవును. వీడ్కోలు ఇంటివద్దనే ముగించుకొని, ఇచ్చట ఐదు నిమిషములలో లోనికి పోవుట ఉత్తమము.

రెండవది విమానసంస్థవారి కౌంటరు. అన్నింటిలో ముఖ్యమైనది ఇదియే. ఇచ్చట పెట్టెలు తూచి తీసికొందురు, పాస్‌పోర్టును వీసాను పరీక్షింతురు, కూర్చుండవలసిన చోటు వ్రాసిన బోర్డింగు పాసు అనెడి చీటి ఇత్తురు. ఈ కౌంటరు విమానము కదలు వేళకు ముందే మూయబడును. స్వదేశపు విమానములకు సాధారణముగా 60 నిమిషములు ముందుగాను, విదేశపు విమానములకు సంస్థనుబట్టి 60 నిమిషములో, 75 నిమిషములో, అంతకంటె నెక్కువయో ముందుగాను మూయుదురు. ఒక్క నిమిషము దాటినను పెట్టె తీసికొనరు. విమానము ఎదుటనే కనబడుచున్నను తీసికొనరు. ఇది కాఠిన్యముగా తోచును. కాని కారణము వినుడు.

మనమిచ్చిన పెట్టె కదలెడి పట్టాపై లోనికి పోయి, కిరణయంత్రములో పరీక్షింపబడి, ఏ విమానమునకు ఏ పెట్టెయో విడదీయబడి, బండ్లపై పోయి విమానపు కడుపులో నెక్కవలెను. ఎక్కిన జనము, పెట్టెల బరువు, ఇంధనపు బరువు, ఇవి విమానములో ఏ భాగమున ఎంత యున్నవో లెక్కకట్టి ఆ పత్రమును పైలటునకు అందింపవలెను. పడవలో అందఱును ఒక ప్రక్కనే కూర్చున్నచో ఏమగునో గోదావరి యొడ్డువారికి చెప్పనక్కఱలేదు. గాలిలో నెగురు పడవకును అంతే. ప్రయాణికుల పట్టిక సిద్ధము కావలెను. విదేశమైనచో అనేక దేశములకు ఆ పట్టికను ముందుగానే పంపవలెను. ఈ పనులకే ఆ గంట.

ఇందులో మఱియొక కఠినమైన నియమము కలదు. పెట్టె నిచ్చిన మనుష్యుడు విమానమెక్కనిచో అతని పెట్టెను వెదకి క్రిందికి దింపవలెను. ఈ నియమము వెనుక ఘోరమైన చరిత్ర యున్నది. 1985 జూన్ 23న కెనడానుండి లండను మీదుగా మన దేశమునకు వచ్చుచున్న కనిష్క యను ఎయిరిండియా విమానము ఐర్లండు తీరమునకు దూరముగా ఆకాశముననే ప్రేలిపోయినది. 329 మంది మరణించిరి. వాంకూవరులో ఒకడు పెట్టె నిచ్చి, తాను మాత్రము ఎక్కలేదు. ఆ పెట్టెలోనే ప్రేలుడుపదార్థము కలదు. 1988 డిసెంబరు 21న స్కాట్లండునందలి లాకర్బీపై మఱియొక విమానము కూలి, పైనున్నవారును క్రింద ఊరివారును కలిసి 270 మంది గతించిరి. అదియును మనిషి తోడులేని పెట్టెవలన జరిగినదే. నాటినుండి ఈ నియమము మఱింత కట్టుదిట్టమైనది. కావున కౌంటరు మూయు వేళను ఒక గుమాస్తా మొండితనమని తలపరాదు. అది వందల ప్రాణముల వెలకు నేర్చిన పాఠము.

మూడవది విదేశప్రయాణికులకు మాత్రమే యున్నది. దానిని ఇమ్మిగ్రేషను అందురు. అచ్చటి అధికారి పాస్‌పోర్టుపై ముద్ర వేయును. ఎచ్చటికి పోవుచున్నారు, ఎవరియింటికి, ఎన్నినాళ్లకు అని అడుగును. భయపడనక్కఱలేదు, ఉన్నది చెప్పిన చాలును. హైదరాబాదునుండి విదేశములకు పోవు విమానములు అనేకము అర్ధరాత్రి మొదలు తెల్లవాఱుజాము వఱకు వరుసగా నుండును. కావున ఆ వేళలలో ఇచ్చట వరుసలు పొడవగును. ఒకనాడు పది నిమిషములు పట్టును, మఱియొకనాడు గంట పట్టవచ్చును. ఏనాడు ఎంత యని ఎవరును ముందు చెప్పలేరు. 3 గంటలలో కొంతభాగము ఈ అనిశ్చయము కొఱకే యుంచవలెను.

నాలుగవది శోధన. చేతిసంచిని యంత్రములోనికి పంపి, మనిషిని వేఱుగా పరీక్షింతురు. గుండెలో యంత్రము అమర్చుకొన్నవారు ముందే ఆ మాట చెప్పవలెను. పెద్దల చేతిసంచులలో దొరకునవి సాధారణముగా ఇవి: పోకలు కత్తిరించు అడకత్తెర, చిన్న చాకు, అగ్గిపెట్టె, నేతిసీసా, పచ్చడిజాడీ. అడకత్తెర, చాకు లోనికిచ్చు పెట్టెలో నుంచవలెను. అగ్గిపెట్టెను ఎందులోను ఉంచరాదు. 2006 ఆగస్టులో లండనున ద్రవరూపమైన ప్రేలుడుపదార్థముతో విమానములను పేల్చు కుట్ర బయలుపడినది. అప్పటినుండి విదేశపు విమానములలో చేతిసంచియందు ఏ ద్రవమైనను 100 మిల్లీలీటర్లకు మించిన పాత్రలో నుండరాదను కట్టడి వచ్చినది. ఆవకాయ, నేయి లోనికిచ్చు పెట్టెలోనే నూనె కారకుండ గట్టిగా మూసి పెట్టవలెను. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రము అందులోను వద్దు. నూనె అధికమగుటచేత వేడికి తమంతట తాము రాజుకొను పదార్థములలో వానిని చేర్చినారు. సెల్ ఫోనునకు శక్తి నిచ్చు పవర్ బ్యాంకు అనునది ఇందుకు విపరీతము. దానిని చేతిసంచిలోనే యుంచవలెను, లోనికిచ్చు పెట్టెలో నుంచరాదు. నిత్యము వేసికొను మందులు వైద్యుని చీటితో చేతిసంచిలోనే యుండవలెను. ఈ సంగతులు తెలిసి సర్దుకొన్నవాని శోధన రెండు నిమిషములలో ముగియును. తెలియనివాడు అచ్చట పెట్టె విప్పి కూర్చుండవలసివచ్చును.

ఐదవది విమానమెక్కు గేటు. శోధన ముగిసిన చోటినుండి గేటు చాల దూరముండవచ్చును, మోకాళ్లనొప్పులవారికి పావుగంట నడక యగును. ఈ గేటును గూడ సంస్థనుబట్టి విమానము కదలుటకు 20 లేక 25 నిమిషములు ముందుగా మూయుదురు. లోనికి వచ్చితిమిగదా యని అంగళ్లు చూచుచు నిలువరాదు. గేటు అంకె కొన్నిసార్లు మాఱును. కావున ముందు గేటువద్దకు పోయి, ఆ యంకెయే మన విమానమునకు వ్రాసియున్నదో లేదో చూచి, పిదప విశ్రమింపవలెను.

పిల్లలు కొందఱు, ఇంటినుండియే సెల్ ఫోనులో చెక్ ఇన్ చేసితిమి, తొందరలేదు అని చెప్పుదురు. దానివలన చీటి ముందే చేతికి వచ్చును. కాని పెట్టె లోనికిచ్చువారికి కౌంటరు మూయు వేళ మాఱదు. అట్లే 2022 డిసెంబరు 1న డిజియాత్ర యను పద్ధతి కొన్ని విమానాశ్రయములలో ఆరంభమై తరువాత హైదరాబాదు మున్నగు చోట్లకును వచ్చినది. ముఖమును చూచి వాకిలి తెఱచు యంత్రమది. వాకిటియొద్ద కొంతకాలము మిగులునుగాని, పెట్టెకు ముఖము లేదు. అది స్వదేశపు ప్రయాణములకే గాని విదేశములకు కాదు.

ఇక నేను ముఖ్యముగా హెచ్చరింపదలచినది తేది విషయము. మన పంచాంగము ప్రకారము వారము సూర్యోదయముతో ఆరంభమై మఱునాటి సూర్యోదయమువఱకు నుండును. ఆదివారము రాత్రి రెండుజాములు దాటినను మనకు ఆదివారమే. విమానమువారి లెక్కలో తేది అర్ధరాత్రి 12 గంటలకే మాఱును. కావున టిక్కెట్టుపై 15వ తేది 3 గంటలు అని యున్నచో, అది 14వ తేది రాత్రి భోజనము చేసిన తరువాత వచ్చెడి తెల్లవాఱుజాము. 15వ తేది రాత్రి కాదు. మా ప్రాంతమున ఒక దంపతులు ఇట్టి టిక్కెట్టును తమ వాడుక లెక్కచొప్పున చదివికొని, 15వ తేది రాత్రి నిశ్చింతగా విమానాశ్రయమునకు పోయిరి. వారి విమానము అంతకు దాదాపు ఒక దినము ముందే పోయినది. మరల టిక్కెట్టు దొరకి వారు చేరునప్పటికి కూతురి పురుడు వచ్చిపోయినది. ఆ పిల్ల ఆసుపత్రిలో తల్లి తోడులేకయే ఆ రాత్రి గడపినది. ధనము పోయినందుకు వారు విచారింపలేదు, ఆ రాత్రి తిరిగి రాదని విచారించిరి. కాబట్టి టిక్కెట్టుపై 0 మొదలు 6 వఱకు గల గంట కనబడినచో, ముందుదినపు సాయంకాలమే ఇల్లు విడువవలెనని గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసియుంచుడు. టిక్కెట్టుపై వేళలు 24 గంటల లెక్కలో నుండునని, ఏ యూరినుండి బయలుదేరు వేళ ఆ యూరి కాలమే యనియు మఱువరాదు.

ఇప్పుడు లెక్కను వెనుకనుండి కట్టి చూపెదను. విమానము 15వ తేది 3 గంటలకు. 3 గంటలు తీసివేయగా 14వ తేది రాత్రి 12 గంటలకు శంషాబాదు చేరవలెను. విజయవాడనుండి సూర్యాపేట, చౌటుప్పలు మీదుగా పెద్ద అంబర్‌పేట చేరి, అచ్చట బాహ్యవలయరహదారి పట్టి శంషాబాదు చేరుటకు సుమారు 280 కిలోమీటర్లు, ఐదుగంటల ప్రయాణము. భోజనమునకును, చక్రము గాలిపోవుట మున్నగు విఘ్నములకును 2 గంటలు కలుపుడు. అనగా సాయంకాలము 5 గంటలకు ఇల్లు విడువవలెను. సంక్రాంతి వెళ్లిన మఱునాళ్లలో హైదరాబాదునకు మరలు బండ్లతో చిల్లకల్లు, కొర్లపహాడు, పంతంగి సుంకపుగేట్లవద్ద బారులు తీరియుండును. అట్టిదినములలో ముందురోజే పోయి నగరమున బంధువులయింటనో, సత్రముననో దిగుట మంచిది. 2008 మార్చి వఱకు విమానములు బేగంపేటనుండి పోయెడివి, అది నగరము నడుమ నుండెడిది. శంషాబాదు నగరమునకు సుమారు 24 కిలోమీటర్ల వెలుపల నున్నది. బేగంపేట నాటి లెక్కలు దీనికి చెల్లవు.

పై లెక్కలో 14వ తేది ఆదివారమనుకొందము. ఆదివారము సాయంకాలము నాలుగున్నర మొదలు ఆఱు వఱకు రాహుకాలము. 5 గంటలకు ఇల్లెట్లు విడుతుమని పెద్దలు సందేహింతురు. ఆఱు దాటిన పిదప పోదమని కూర్చున్నచో, గంట పోవును. ఆ గంటయే త్రోవలో విఘ్నములకై యుంచుకొన్నది. శాస్త్రము నెఱిగిన మన పూర్వులు దీనికి మార్గము చూపియే యున్నారు. అది ప్రస్థానము. శుభవేళకు స్వయముగా పోలేనివారు, తాము తీసికొనిపోవు వస్త్రమునో, వస్తువునో ఆ వేళకు ఇల్లు దాటించి పొరుగింటనో దేవాలయముననో యుంచి, తరువాత వీలైన వేళ బయలుదేరుచు దానిని గైకొనుట మన యాచారము. ఉదయముననే మంచివేళ చూచి ప్రస్థానముంచుడు. మనస్సునకు శాంతి, విమానమునకు వేళ, రెండును దక్కును. ముహూర్తమును నమ్మువారు గడియారమును నిందింపనక్కఱలేదు.

మిక్కిలి ముందుగా పోవుటయును మేలు కాదు. విదేశపు విమానముల కౌంటర్లు సాధారణముగా 3 లేక 4 గంటలు ముందుగా తెఱతురు. ఎనిమిది గంటలు ముందుగా పోయినచో పెట్టెలు కాచుకొనుచు అలసిపోవుటయే ఫలము. ఇంకను ఇరువదిగంటల ప్రయాణము ముందున్నది, వృద్ధుల శరీరము దానికి శక్తి మిగుల్చుకొనవలెను. విమానము ఆలస్యమని వార్త వచ్చినను, మొదటి వేళకే చేరుడు. ఆలస్యము తగ్గి ముందు చెప్పిన వేళకే బయలుదేరినచో మన ఆలస్యము మాత్రము మిగులును.

ఇంటివద్దనే చేసికొనవలసిన పనులు కొన్ని గలవు. పెట్టెలను త్రాసుతో తూచుకొనుడు. స్వదేశపు విమానములలో చాలవఱకు 15 కిలోలును, అమెరికాకు పోవు అనేక విమానములలో పెట్టెకు 23 కిలోలును పరిమితి. మీ టిక్కెట్టుపై నున్నదే ప్రమాణము. కౌంటరు ముందు పెట్టె విప్పి ఆవకాయ తీసి కూతురి చీరలు సర్దుకొనువారివలననే వరుసలు ఆగుచుండును. చక్రాల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునాడే చెప్పింపుడు. పాస్‌పోర్టు, టిక్కెట్టు, దిగవలసిన యింటి చిరునామా, పిల్లల ఫోను అంకె కాగితముపై వ్రాసి ఒకే సంచిలో మెడకు వేసికొనుడు.

ఇంత చేసినను దారిలో ఆలస్యమైనచో, వరుసచివర మౌనముగా నిలువకుడు. సిబ్బందిలో ఒకరిని పిలిచి విమానపు అంకెను, వేళను చెప్పుడు. కౌంటరు మూయకముందు అడిగినవారిని ముందుకు పంపుట కలదు. మూసిన పిదప బ్రతిమాలుట వ్యర్థము. విమానమందని ప్రయాణికుని తరువాతి టిక్కెట్లను, తిరుగుప్రయాణపు టిక్కెట్టునుగూడ రద్దుచేయు నియమము అనేక సంస్థలకు గలదు. కావున అట్టి యాపద కలిగిన వెంటనే టిక్కెట్టు కొన్న పిల్లలకు ఫోనుచేసి చెప్పవలెను.

పెద్దలారా, మనము పిల్లలకు బడివేళ నేర్పినవారము. ఇప్పుడు వారు మనకొఱకు దూరదేశమున వాకిలి తెఱచి యున్నారు. ఆ వాకిలి చేరుటకు మార్గము ఈ ఐదు వాకిళ్లమీదుగానే కలదు. టిక్కెట్టుపై వేళను చదివి, వెనుకకు లెక్కించి, గడప దాటవలసిన గంటను నేడే వ్రాసికొనుడు.